గేటు అవతల ఫైర్ స్టేషన్

హేమావతి పనిచేసే ఆఫీసు కర్నూలులో ఉంది. దాని పేరు ఈ పదేళ్లలో మూడుసార్లు మారింది. ఆ మార్పుల వల్ల బోర్డులు రాసేవాడికి తప్ప ఎవరికీ లాభం కలగలేదు కాబట్టి ఆ పేరు ఇక్కడ అనవసరం. ప్రభుత్వం బడి కట్టాలన్నా, ఆసుపత్రి కట్టాలన్నా, గోదాము కట్టాలన్నా ఎక్కడ కడితే బాగుంటుందో శాస్త్రీయంగా చెప్పడం ఆ ఆఫీసు పని. ఎక్కడ కట్టాలో పెద్దలు ముందే అనుకున్నాక దానికి తగిన శాస్త్రాన్ని వెతికిపెట్టడం కూడా ఆ ఆఫీసు పనే. ఈ రెండో పని ఎక్కువగా వస్తుంటుంది. రెండూ చేయగలిగిన మనిషి అక్కడ హేమావతి ఒక్కతే. పదకొండేళ్లుగా ఆమెది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. ప్రతి మార్చిలో ఆమె ఉద్యోగం చచ్చి, ఏప్రిల్‌లో మళ్లీ పుడుతుంది.

ఆమె ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇంటి పిల్ల. నాన్న గురుస్వామి మగ్గం మీద కూర్చునే ఆమెను ఎంటెక్ దాకా చదివించాడు. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక ఆదివారం అమ్మ శివలీల అడిగింది, ఆ కంప్యూటరు ముందు రోజంతా ఏం చేస్తావని.

"ఊరి పటం పరుస్తామమ్మా. రోడ్లు ఒక పొర, నీళ్లు ఒక పొర, జనం ఒక పొర, సర్కారు భూములు ఇంకో పొర. ఒకదాని మీద ఒకటి ఏసి, దేనికెంత వెయిటేజీ ఇయ్యాల్నో తేల్చుకుంటే యాడ కట్టాల్నో తెలుస్తాది."

"దేనికెంతని తేల్చేదెవరు?"

"పెద్దోళ్లు."

"మరి పొరలెందుకు?" అని శివలీల పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

పెళ్లి విషయంలోనూ హేమావతి ఆ లెక్కే వాడింది. మూడు సంబంధాలు వచ్చాయి. జీతం, ఊరు, గుణం, ఇల్లు అని నాలుగు అంశాలు పెట్టుకుని, రెండేసి అంశాలను పోల్చి మార్కులు వేసింది. బెంగళూరు కంపెనీలో పనిచేసే అబ్బాయి మొదటికి వచ్చాడు. ఆ ఫలితం వంక ఆమె చాలాసేపు చూసింది. తర్వాత గుణానికి వెయిటేజీ కొంచెం పెంచింది. చాలలేదు. ఇంకొంచెం పెంచింది. ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసే తేజేశ్వర్ మొదటికి వచ్చేదాకా పెంచి, అక్కడ ఆపింది. పెళ్లిచూపుల్లో ఉప్మా బాగుందని అతనొక్కడే చెప్పాడు మరి. అంచేత లెక్కను మనసు ఎలా లాక్కుపోతుందో ఆమెకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

ఇట్లాంటి హేమావతి చేతికి గోనెగుంట ఫైర్ స్టేషన్ వచ్చింది.

గోనెగుంట జిల్లాకు పడమటి వైపు ఉన్న పత్తి ఊరు. పత్తి గింజలు తీసే నాలుగు జిన్నింగు మిల్లులు, బేళ్ల గోదాములు, వాటి చుట్టూ పశుగ్రాసం వాములు. నిప్పుకు ఇంతకన్నా అనువైన ఊరు ఉండదు. ఏటా పత్తి కాలంలో ఏదో ఒకటి అంటుకునేది. పొరుగు పట్టణం నుంచి ఫైరింజన్ వచ్చేసరికి మంట ఆరిపోయి ఉండేది, కాలడానికి ఇంకేమీ మిగలక. జనం పదేళ్లు అడిగాక స్టేషన్ మంజూరైంది. స్థలం శాస్త్రీయంగా ఎంచాలని ఉత్తర్వులో రాశారు.

హేమావతి సంతోషంగా వెళ్లింది. ఊరంతా తిరిగింది. సర్కారువైనా సొంతదార్లవైనా ఖాళీగా ఉన్న స్థలాలన్నీ పటంలోకి ఎక్కించింది. ఊరిని రెండుగా కోస్తూ రైలు పట్టా ఉంది. దానికి ఒక గేటు. సిమెంటు, బొగ్గు, బియ్యం మోసే గూడ్సులన్నీ ఆ దారినే పోతాయి. గేటు పడితే ఎప్పుడు లేస్తుందో దేవుడికే ఎరుక. అక్కడ నిలబడి శెనక్కాయలు అమ్మి ఇల్లు కట్టుకున్నవాళ్లున్నారు. గేటు దగ్గర మాటలు కలిసి పెళ్లిళ్లు కుదిరిన కుటుంబాలూ ఉన్నాయి. ఊరు, మిల్లులు, గోదాములు అన్నీ ఇవతల. అవతల బీడు. ఆ బీడులో ఈమధ్యనే బసవరాజ్ అనే స్థానిక నాయకుడు ప్లాట్లు వేసి, 'శ్రీ బసవ గ్రీన్ సిటీ' అని బోర్డు పెట్టాడు. ఆ సిటీలో పచ్చగా ఉన్నది బోర్డు ఒక్కటే.

కమిటీ సమావేశం గోనెగుంటలోనే జరిగింది. హేమావతి పై అధికారి వేణుగోపాల్ అధ్యక్షుడు. ఫైర్ ఆఫీసర్ నాగరాజ్, ఒక ఇంజనీరు సభ్యులు. బసవరాజ్ సభ్యుడు కాడు గానీ కుర్చీ మాత్రం మధ్యలో వేశారు.

"సార్, రెండేసి అంశాలు చెప్తా. ఏది ముఖ్యమో, ఎంత ముఖ్యమో ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక అంకె చెప్పండి," అంది హేమావతి.

"మాకు మొదటి పది నిమిషాలే ముఖ్యం మేడం. ఆ తరవాత మేం పోయేది ఫోటోలకే," అన్నాడు నాగరాజ్.

"అన్నీ ముఖ్యమే కదా. అన్నిటికీ తొమ్మిది ఏసేయి మేడం. తక్కువేస్తే ఆ శాఖోళ్లకు బాధయితాది," అన్నాడు బసవరాజ్.

ఇంజనీరు మాత్రం బుద్ధిగా జవాబులు చెప్పాడు. రోడ్డు కన్నా నీళ్లు ముఖ్యమన్నాడు. స్థలం కన్నా రోడ్డు ముఖ్యమన్నాడు. టీ వచ్చింది. టీ తాగాక నీళ్ల కన్నా స్థలం ముఖ్యమన్నాడు.

"సార్, ఇందాక నీళ్లే అన్నిటికన్నా ముఖ్యమన్నట్టు చెప్పినారు..."

"అది ఇందాకటి మాట కదమ్మా."

ఆ పద్ధతిలో ఒక సుగుణం ఉంది. చెప్పినవాళ్ల మాటలకు పొంతన ఉందో లేదో అదే తేలుస్తుంది. పొంతన లేకపోవడం నూటికి పది దాటకూడదు. ఇక్కడ నలభై ఒకటి వచ్చింది. హేమావతి ఆ అంకెను తెర మీద ఎర్రగా చూపించింది.

వేణుగోపాల్ కళ్లజోడు సర్దుకున్నాడు. "నలభై ఒకటా? ముప్పై ఐదుకే పాసు కదా. కానీయ్."

ఎక్కువ వస్తే తప్పని ఆమె విడమరిచి చెప్పి, అందరినీ మళ్లీ మొదటి నుంచి అడిగి, సాయంత్రానికి ఆ అంకెను పదిలోపుకు దించింది. ఫలితం వచ్చింది. మొదటి స్థానం ఊరి నడిబొడ్డున మూతపడిన పాత మార్కెట్ షెడ్డుకు దక్కింది. చివరి స్థానం గేటు అవతల బీడుకు.

బసవరాజ్ లేచి, ఆ చివరి స్థలాన్ని తాను ప్రజల కోసం దానంగా ఇస్తున్నానని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫైర్ స్టేషన్ వస్తే దాని వెనకే తారు రోడ్డు, నీళ్ల పైపు, వీధి దీపాలు గ్రీన్ సిటీ దాకా వస్తాయన్న సంగతి చప్పట్లు కొట్టినవాళ్లందరికీ తెలుసు.

మరునాడు కర్నూలులో వేణుగోపాల్ హేమావతిని గదిలోకి పిలిచాడు. ఆయన కడప మనిషి. చెడ్డవాడు కాడు. ఎవరికీ కాదని చెప్పలేని మెత్తదనం ఆయనది. ఆ మెత్తదనం పైవాళ్ల విషయంలో బాగా పనిచేసేది.

"భూమి ఊరికే వస్తాంది కదమ్మా. ఖర్చు అంశానికి వెయిటేజీ పెంచు."

పెంచింది. గేటు అవతల స్థలం చివరి స్థానం నుంచి ఐదో స్థానానికి వచ్చింది.

"భవిష్యత్తులో ఊరు పెరగదా? పెరుగుదల అని ఒక అంశం చేర్చు. తూర్పు ముఖం కూడా ఉండాది దానికి. వాస్తు చేర్చు. పేరు మాత్రం వాస్తు అని రాయొద్దు. ఎండ, గాలి అని రాయి."

అన్నీ చేర్చింది. రెండుకు వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఆమె ఎన్ని తిప్పినా మార్కెట్ షెడ్డు మొదటి చోటు వదల్లేదు.

"ఏమి అడ్డం పడతాంది?"

"గేటు సార్. అవతల నుంచి వచ్చే ప్రతి దారీ గేటు దగ్గర ఆగుతాది. ఆ ఆలస్యం లెక్కలో ఉండాది. గేటు తీస్తే గానీ అది మొదటికి రాదు."

"తీసెయ్."

"గేటునా సార్?"

"పటంలోంచమ్మా. నిజం గేటు తీసేదానికి మనమెవరం?"

హేమావతి తీసేసింది. మార్చి దగ్గర పడుతోంది. మీట ఒకటి నొక్కగానే, ఏళ్ల తరబడి గోనెగుంటను ఆపిన గేటు మాయమైపోయింది. బసవరాజ్ స్థలం పచ్చరంగులో మెరుస్తూ మొదటికి వచ్చింది.

అయితే ఆమె ఊరుకోలేదు. తుది సమావేశంలో పటం చూపించాక లేచి నిలబడింది. "గేటు ఎప్పుడూ తెరిచే ఉంటాదనుకుంటేనే ఈ ఫలితం. గేటు పడినప్పుడు మంట పుడితే ఇంజను అవతలే నిలబడతాది. ఇది అందరికీ తెలియాల్నని చెప్తాండా."

నాగరాజ్ బల్ల వంక చూస్తూ కూర్చున్నాడు.

"మంట పుట్టే టైముకు రైలెందుకొస్తాది మేడం? శుభమా అని స్టేషను కట్టేటప్పుడు అట్లాంటి అపశకునం మాటలు అనగూడదు," అన్నాడు బసవరాజ్.

వేణుగోపాల్‌కు మంచి ఉపాయం తోచింది. అగ్నిప్రమాదాల సమయంలో గేటు తెరిచి ఉంచవలసిందిగా రైలు వారికి ఒక లేఖ రాయాలని తీర్మానం చేశారు. దానికీ చప్పట్లు కొట్టి, బోండాలు తిని లేచారు.

ఆ సాయంత్రం ఆమె ఎర్రగుంట్లలో ఉన్న భర్త తేజేశ్వర్‌కు ఫోను చేసి జరిగింది చెప్పింది.

"నువ్వయితే చెప్పినావు కదా. ఇంకేం చేయగలవు?" అన్నాడతను.

"చెప్పి గూడా చేసినాను. అదే మింగుడు పడటం లేదు. చెప్పకుండా చేసింటే తెలియక చేసినా అనుకునేదాన్ని."

భవనం ఏడాదిలోపే లేచింది. ప్లాట్లు అమ్మిపెట్టే భవనాలు మన దగ్గర ఆలస్యం కావు. ప్రారంభోత్సవం పత్తి కాలంలో పెట్టారు. హేమావతి పట్టుచీర కట్టుకుని, పెద్ద అట్ట మీద అంటించిన తన పటాన్ని స్టేషన్ ఆవరణలో నిలబెట్టింది. శాస్త్రీయ విధానం గురించి ముఖ్య అతిథికి రెండు నిమిషాలు వివరించాలని వేణుగోపాల్ ఆదేశం. కొత్త ఫైరింజనుకు బంతిపూల దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ముందర అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు.

ముఖ్య అతిథి కార్లు ఊళ్లోకి వచ్చాయి. వచ్చి గేటు దగ్గర ఆగాయి. గేటు పడింది.

అవతల మేళగాళ్లు రెండు పాటలు వాయించి ఊపిరి తీసుకున్నారు. ఇవతల కార్ల వరుస పెరుగుతూ పోయింది. పెద్దమనిషి ఊరికే కూర్చుంటే బాగుండదని బసవరాజ్ మనుషులు అక్కడే డప్పులు కొట్టించారు. దండలు వేశారు. అవీ అయిపోయాక టపాకాయలు దించారు. గేటు పక్కనే జిన్నింగు మిల్లు. లోపల వంతు కోసం పొద్దున నుంచి రైతులు పత్తి కుప్పలు పోసుకుని కూర్చున్నారు. "లోపల పత్తి ఉందప్పా, ఈడ కాల్చొద్దండి," అని మిల్లు కాపలాదారు అరిచాడు. డప్పుల్లో ఆ మాట ఎవరికీ వినపడలేదు. ఒక రాకెట్టు ఆకాశానికి పోకుండా గోడ దాటింది.

పత్తి అంటుకోవడం చూసినవాళ్లకు దాని సంగతి తెలుసు. మంట కనిపించేలోపే లోపల పాకిపోయి ఉంటుంది. ఆవరణలో కేకలు లేచాయి. అప్పుడే గూడ్సు వచ్చింది. సిమెంటు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, చూలాలి నడకతో.

అవతల నాగరాజ్‌కు పొగ కనిపించింది. ఇంజను ఎక్కమని సిబ్బందిని కేకేశాడు. బసవరాజ్ బామ్మర్ది చేతులు అడ్డం పెట్టాడు. "రిబ్బను కట్ చేయల్యా! సారొచ్చి కట్ చేయాల."

"పక్కకు పోరా!" అన్నాడు నాగరాజ్. ఈ స్టేషన్ విషయంలో ఆయన ఎదురు చెప్పింది అప్పుడే. ఇంజను రిబ్బను తెంపుకుని, నిమ్మకాయలు చితక్కొట్టుకుని, దండతో సహా గేటు దాకా దూసుకెళ్లి ఆగింది. సైరన్ మోగుతూనే ఉంది. వ్యాగన్ల పైనుంచి పొగ లావవుతూ కనిపిస్తోంది. హేమావతి చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఇంజను పక్కన నిలబడింది. ఎవరూ ఆమెను చూడలేదు. చూసి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. ఎవరైనా తిట్టి ఉన్నా బాగుండేది.

రైలు దాటింది. గేటు లేచింది. ముందుకు పోవడానికి లేదు. దారి నిండా అతిథి కార్లు. వెనక్కి తిప్పుకోలేక ఒకదానికొకటి హారన్లు కొట్టుకుంటున్నాయి. బసవరాజ్ మనుషులు కొందరు గేటుమ్యాన్ చొక్కా పట్టుకుని, గేటెందుకు వేశావని నిలదీస్తున్నారు. అతను సిగ్నలు వంక చూపిస్తున్నాడు. ముఖ్య అతిథికి మరో కార్యక్రమం గుర్తొచ్చి వెళ్లిపోయాడు.

మంటను ఆపింది రైతులే. కాలని కుప్పలను పారలతో దూరం లాగి, పొలాలకు నీళ్లు తోలే ట్యాంకర్లు తెచ్చి పోశారు. ఇంజను లోపలికి వచ్చేసరికి తడిసిన బూడిద వాసన మిగిలింది. ప్రాణాలు పోలేదు. ఐదారుగురి పంట పోయింది.

ఒక ముసలామె కాలిన కుప్ప పక్కన కూర్చుని, మసి పట్టిన పత్తిలోంచి తెల్లగా ఉన్నది ఏరి ఒళ్లో వేసుకుంటోంది. పట్టుచీర చూసి తల ఎత్తింది.

"ఆఫీసు మనిషివామ్మా?"

"అవును అవ్వా."

"అట్లయితే రాసుకో. తిమ్మమ్మ. ఆరెకరాలు. కౌలుది. పట్టా నాది గాదు."

పట్టా నాది గాదన్న మాట ఆమె ముందే చెప్పింది. తర్వాత ఎలాగూ అడుగుతారని ఆమెకు తెలుసు. నష్టం రాసుకునే అధికారం హేమావతికి లేదు. ఆ సంగతి చెప్పలేక, ఆమె పక్కనే కూర్చుని పత్తి ఏరింది.

విచారణ జరిగింది. స్టేషన్ అక్కడెందుకు పెట్టారని విచారణాధికారి అడిగితే, అది సాఫ్ట్‌వేర్ నిర్ణయమని వేణుగోపాల్ చెప్పాడు. సైన్సు సార్, మనకేం తెలుసని బసవరాజ్ చెప్పాడు. హేమావతి వంతు వచ్చింది.

"సార్ గేటు తీసెయ్యమన్నారు. నేను తీసినాను. తీసినానని అందరి ముందరే చెప్పినాను. అందరూ చప్పట్లు కొట్టినారు."

విచారణాధికారి రాయడం ఆపాడు. "ఇట్ల రాసుకుంటే చప్పట్లు కొట్టినోళ్లందర్నీ పిలవాల్సి వస్తాదమ్మా."

"పిలవండి సార్."

పిలవలేదు. ప్రమాదానికి కారణం గాలి దిశ ఆకస్మికంగా మారడమని నివేదిక తేల్చింది. గాలిని మాత్రం ఎవరూ సంజాయిషీ అడగలేదు. పరిహారం పట్టాదారులకు వచ్చింది. తిమ్మమ్మ చేసిన పొలం పట్టాదారు బెంగళూరులో ఉంటాడు. తన పత్తి కాలిందన్న సంగతి పరిహారం వచ్చాకే ఆయనకు తెలిసింది. హేమావతి తిమ్మమ్మను వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. ప్రతిచోటా వాళ్లను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, నీళ్లిచ్చి పంపారు. చివరికి హేమావతి ఆ పట్టాదారుకే ఫోను చేసి, ఆయన విసిగిపోయి సగం ఇచ్చేదాకా రోజూ చేస్తూ పోయింది. ఆమె ఉద్యోగంలో సాధించిన పనుల్లో అదొకటి. అది ఆమె ఉద్యోగం కాకపోయినా.

మార్చి నెలాఖరున తన టిఫిను గిన్నె, కుర్చీ మీది దిండు సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేసింది. ఇక తనను పిలవరనుకుంది. ఏప్రిల్ మొదటి వారంలోనే వేణుగోపాల్ ఫోను చేశాడు.

"ఏం హేమావతీ, రావడం లేదు? మల్లెదొడ్డిలో ఆరోగ్య ఉపకేంద్రానికి స్థలం చూడాల. ఆ సాఫ్ట్‌వేర్ ఎట్ల తెరవాల్నో ఈడ ఒక్కరికీ తెలీదు."

ఆమె ఒక షరతు పెట్టింది. మార్కులు వేసే సమావేశం ఆ ఊళ్లోనే, ఊరి జనం ముందర జరగాలి. వెయిటేజీ మార్చమనేవాళ్లు అక్కడే, మైకులో అడగాలి. వేణుగోపాల్ ఎవరికీ కాదనలేడు కదా, ఆమెకూ కాదనలేదు.

ఈలోగా గోనెగుంట సమస్య కూడా ప్రభుత్వం తన పద్ధతిలో పరిష్కరించింది. ఫైరింజనును ఊరి మధ్య పాత మార్కెట్ షెడ్డులో, టార్పాలిన్ కింద, తాత్కాలికంగా నిలిపారు. సిబ్బంది అక్కడే ఉంటారు. అయితే హాజరు వేలిముద్ర యంత్రం మాత్రం గేటు అవతల కొత్త భవనం గోడకు బిగించేశారు. దాన్ని కదిలించాలంటే పైనుంచి అనుమతి కావాలట. అందుకని రోజూ పొద్దునా సాయంత్రం నాగరాజ్, అతని మనుషులు గేటు దాటి వెళ్లి, వేలు పెట్టి వస్తారు. గేటు పడితే ఆలస్యమైనట్టు నమోదవుతుంది. బసవరాజ్ ప్లాట్లన్నీ అమ్ముడుపోయాయి.

మల్లెదొడ్డి సమావేశం ఒక పూటలో అయిపోతుందనుకున్నారు. రెండు రోజులు పట్టింది. జనం ముందర మైకు పెడితే ఆ ఊరి నాయకుడి మనుషులు ఒక్కరూ ముందుకు రాలేదు. మిగిలినవాళ్లంతా వచ్చారు. పై వీధివాళ్లు కింది వీధివాళ్లతో, కింది వీధివాళ్లు తమలో తాము తగువులాడారు. నెలలు నిండిన ఒక కోడలు లేచి, "మీరంతా చెప్పే తావులకు నేను నడుస్తా, మీరు నా ఎనకాల రాండి చూస్తాం," అంటే ముందు నవ్వి, తర్వాత ఎవరికి వాళ్లు దూరాలు లెక్కేసుకున్నారు. చివరికి బడి పక్క స్థలానికి ఒప్పుకున్నారు. మాటల పొంతన లెక్క వేస్తే ఎనిమిది వచ్చింది. ఆఫీసుల్లో కూర్చున్న ఏ కమిటీకీ మొదటి సారే అంత తక్కువ రావడం హేమావతి చూడలేదు. ఆ పటం మీద ఒక్క గీత కూడా మార్చకుండా సంతకానికి పంపింది. సంతకం కూడా అయింది.

పని మొదలై పునాది దాకా లేచింది. అక్కడ కాంట్రాక్టరు బిల్లు ఆగింది, పనీ ఆగింది. మొన్న జనవరిలో హేమావతి వేరే పని మీద అటు వెళ్తూ బస్సు దిగి చూసింది. పునాది మీద పరిచిన కాంక్రీటు చదునుగా, బాగా గట్టిగా ఉంది. ఊళ్లో ఆడవాళ్లు దాని మీద మిరపకాయలు ఆరబోశారు. ఇంత మంచి కల్లం మా ఊళ్లో ఎప్పుడూ లేదమ్మా, ఎండ నాలుగు దిక్కుల నుంచీ తగుల్తాది, ఎవరు చూసినారో గానీ తావు శానా బాగా చూసినారు అని ఒకామె మెచ్చుకుంది. హేమావతి థ్యాంక్స్ చెప్పి, దగ్గుకుంటూ తర్వాతి బస్సెక్కింది.